బండిని లాగేది గాలి

‘డీజిల్ బండికి పుల్లింగ్ ఎక్కువ’ అన్న మాట లోడు బండ్లు నడిపేవాళ్ల దగ్గర తిరుగులేనిది. అండమాన్‌లో, ఇప్పుడు శ్రీ విజయ పురం అయిన పోర్ట్ బ్లెయిర్‌లోని డాలీగంజ్‌లో పికప్ కొనబోయేవాళ్ల ముందు మాత్రం రెండు దారులున్నాయి. ఒకటి, హాడో రేవులో ఓడ దింపిన సరుకు ఎత్తుకొచ్చి ఊళ్లో దుకాణాలకు వేసే కొద్ది కిలోమీటర్ల దారి. రెండోది, జిర్కాటాంగ్ మీదుగా అడవిలోంచి దిగ్లీపూర్ దాకా సాగే ట్రంక్ రోడ్డు, మూడు వందల కిలోమీటర్ల పైమాట. ఈ రెంటికీ ఒకే ఇంజను పనికొస్తుందనుకోవడం పొరపాటని నేనంటాను. పుల్లింగ్ ఉన్నది డీజిల్ నూనెలో కాదు, ఆ ఇంజను మింగే గాలిలో.

అండమాన్ సముద్రానికి అవతలి గట్టున, మలయా, బర్మా ప్రాంతాల్లో నిప్పు రాజేయడానికి పూర్వం ఒక చిన్న సాధనం వాడేవారు. వెదురుతోనో కొమ్ముతోనో చేసిన, ఒక కొస మూసిన గొట్టం. అందులో బిగుతుగా దిగే కడ్డీ, దాని మొనకు చిటికెడు పీచు. కడ్డీని ఒక్క పెట్టున గుద్ది బయటికి లాగితే పీచు రాజుకుని ఉంటుంది. అగ్గిపుల్ల లేదు, చెకుముకి రాయి లేదు. నలిగిన గాలి వేడెక్కిందంతే. మ్యూనిక్‌లో కార్ల్ లిండె పాఠం చెబుతూ ఇలాంటి గొట్టాన్నే చూపించాడనీ, అది శిష్యుడు రుడాల్ఫ్ డీజిల్ మనసులో నాటుకుపోయిందనీ చెబుతారు. 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పరీక్షకు నిలిచిన డీజిల్ యంత్రం ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి మామూలు ఆవిరి యంత్రాలకు అందులో సగమైనా దక్కేది కాదు. ఇప్పటికీ కిటుకు అదే. సిలిండర్లోకి ఉత్త గాలినే పీల్చి, పద్దెనిమిదో వంతుకు అదిమితే దాని వేడి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. అప్పుడు డీజిల్ చిమ్మితే తనంతట తానే అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకు ఈ వెసులుబాటు లేదు. అది పీల్చే గాలిలో సాధారణంగా పెట్రోలు ముందే కలిసి ఉంటుంది కాబట్టి, మరీ అదిమితే స్పార్కు రాజేసిన మంట చేరకముందే ఎక్కడో ఒక మూల భగ్గుమని పిస్టన్‌ను దెబ్బతీస్తుంది. అందుకే పదో వంతు, పన్నెండో వంతు దగ్గర ఆగిపోవాలి. నిజానికి తనంతట తాను అంటుకోవడానికి డీజిల్ కంటే పెట్రోలుకే ఎక్కువ వేడి కావాలి. అయినా ఆ భయం పెట్రోలుకే. ఈ తిరకాసు నాకు ఎంత తలచుకున్నా తనివి తీరదు.

మరి పుల్లింగ్ మాట? 2005లో వచ్చిన టాటా ఏస్, మన ఛోటా హాథీ, 702 సీసీల రెండు సిలిండర్ల డీజిల్. దాని శక్తి 16 హార్స్‌పవర్, టార్క్ సుమారు 38 న్యూటన్ మీటర్లు. 2020 నాటి పెట్రోలు ఏస్ 694 సీసీలే, కానీ 30 హార్స్‌పవర్, 55 న్యూటన్ మీటర్లు. అంటే అదే సైజులో పెట్రోలే ఎక్కువ లాగింది. ‘పదిహేనేళ్ల తేడా ఉన్న ఇంజన్లను పోల్చడం న్యాయమా?’ అనవచ్చు. తేడాలో కొంత కాలానిదే, ఒప్పుకుంటాను. కానీ అసలు కారణం కాలంతో మారనిది. ఆఖరి క్షణంలో చిమ్మిన డీజిల్‌కు గాలితో బాగా కలిసే వ్యవధి ఉండదు. ఉన్న గాలికంతటికీ సరిపడా నూనె పోస్తే నల్లపొగే. అందుకని కొంత గాలిని వాడకుండా వదిలేయాలి. ఈ లోటును పూడ్చేది టర్బో. బయటికి పోయే పొగ ఊపుతోనే చక్రం తిప్పి, సిలిండర్లోకి రెండింతలు గాలి కుక్కుతుంది. లోపల ఉన్నది ఉత్త గాలే కాబట్టి ముందే పేలుతుందన్న బెదురు లేదు. అమెరికాలో 2020 ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లో 7.3 లీటర్ల పెట్రోలు ఇంజను దాదాపు 644 న్యూటన్ మీటర్లిస్తే, అంతకంటే చిన్నదైన 6.7 లీటర్ల టర్బో డీజిల్ 1,424 ఇచ్చింది. ఆ ఇంజన్ల హార్స్‌పవర్లు మాత్రం 430, 475. పెద్ద తేడా లేదు.

ఈ ఆఖరి అంకెలే డాలీగంజ్‌కు ముఖ్యం. మెరక ఎక్కేటప్పుడు టార్క్ తక్కువైతే గేరు తగ్గిస్తే సరి, చక్రం దగ్గర బలం పెరుగుతుంది. ఎంత వేగంగా ఎక్కుతుందన్నది హార్స్‌పవర్ పని. అయితే ఇంజను రొదపెడుతూ గంటల తరబడి అలా తిరగాలంటే పెట్రోలుకు ఖర్చు, వేడి రెండూ ఎక్కువే. ట్రంక్ రోడ్డు మీద జరవా తెగ వారి రిజర్వులో బండ్లన్నీ కాన్వాయ్‌గా, గంటకు 40 కిలోమీటర్లు దాటకుండా పోవాలి. అలాంటి నిదానపు నడకలో పెట్రోలు ఇంజను తన గొంతు తానే నొక్కుకుంటుంది. గాలికి తగ్గ పాళ్లలో పెట్రోలు ఉండాలి కాబట్టి, శక్తి తగ్గించాలంటే థ్రాటిల్ మూసి గాలినే తగ్గించాలి. సగం మూసిన ముక్కుతో ఊపిరి పీల్చడానికే కొంత శ్రమ వృథా. డీజిల్ నిండుగా గాలి పీలుస్తూ నూనె మాత్రం తగ్గించుకుంటుంది. ‘పెట్రోలుకూ టర్బో పెడుతున్నారుగా?’ అంటే, నిజమే. నిండు లోడుతో చాలాసేపు లాగితే మాత్రం ఆ పేలుడు బెదురుకు స్పార్కును ఆలస్యం చేయాలి, చల్లబరచడానికి అదనంగా పెట్రోలు పోయాలి. దిగ్లీపూర్ దారికి డీజిలే.

ఊళ్లో తిరిగే బండికి మాత్రం నా ఓటు పెట్రోలుకు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లలో చాలావాటికి మసి పట్టే ఫిల్టరు ఉంటోంది. అందులో పేరుకున్న మసి కాలిపోవాలంటే 600 డిగ్రీల దాకా వేడెక్కాలి. రేవు నుంచి దుకాణానికి, దుకాణం నుంచి రేవుకు తిరిగే బండి ఇంజను వేడెక్కేలోపే ఆగిపోతుంది. మసి అలాగే ఉంటుంది. ఏడాదికి మూడు మీటర్ల వాన పడే చోట ట్యాంకులో చేరే నీటి చెమ్మ కూడా, వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో చిమ్మే ఇంజెక్టర్లకు శత్రువే. ‘డీజిల్ చవక, మైలేజీ ఎక్కువ’ అన్నది పాత లెక్క. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ అదుపు తీసేశాక ఆ చవకదనం చాలావరకు కరిగిపోయింది. మిగిలిన మైలేజీ లాభం రోజుకు పది ఇరవై కిలోమీటర్లు తిరిగే బండికి, కొన్నప్పుడు అదనంగా పోసిన డబ్బును తిరిగి తేలేదు.

ఇక పల్లం సంగతి. రేవు వైపు లోడుతో దిగుతూ యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు ఇంజనులో థ్రాటిల్ మూసుకుంటుంది. గాలి అందక పిస్టన్లు బరువుగా కదులుతూ బండిని వెనక్కి పట్టుకుంటాయి. మూసే తలుపే లేని డీజిల్ అంతగా పట్టదు. అందుకే పెద్ద డీజిల్ బండ్లకు పొగ దారిని మూసే ఎగ్జాస్ట్ బ్రేకు విడిగా బిగిస్తారు. నిదానపు నడకలో పెట్రోలు తాగించిన ఆ థ్రాటిలే, పల్లంలో పైసా ఖర్చు లేని బ్రేకు.