గేర్‌బాక్సు మారిస్తే ఖర్చెంత?

సైకిలు మీద వంతెన ఎక్కేటప్పుడు మీ కాళ్ళకు ఏమవుతుందో ఎప్పుడైనా గమనించారా? చదును రోడ్డు మీద హాయిగా తిరిగిన పెడలు ఎక్కుడు రాగానే మొండికేస్తుంది. సీటు మీంచి లేచి, ఒళ్ళు బరువంతా వేసి తొక్కుతాం. అదీ చాలకపోతే దిగి నెట్టుకుంటూ పోతాం. మన కాళ్ళకున్న ఈ ఇబ్బందే కారు ఇంజనుకూ ఉంది. కాకపోతే అది దిగి నెట్టలేదు! అందుకే దానికి గేర్‌బాక్సు అమర్చారు.

ఈ నెల ఆ గేర్‌బాక్సు గురించి రాయాలనిపించడానికి కారణం, మా విజయవాడ ఆటోనగర్‌లో నేను చూసిన ఒక కారు. జవహర్ ఆటోనగర్ 1966లో ఏర్పడింది. లారీలకు బాడీలు కట్టడం మొదలు, పాత బండ్లను విప్పి విడిభాగాలుగా అమ్మడం వరకు అక్కడ జరగని పని లేదు. అక్కడ షెడ్డు నడుపుతున్న ఒకతను ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదివాడు. (భౌతికశాస్త్రంలో వాడికెన్ని మార్కులు వచ్చాయో ఇక్కడ చెప్పను.) ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి వాడి షెడ్డులో మచిలీపట్నం నుంచి వచ్చిన ఆటోమేటిక్ కారు ఉంది. అది మూడో గేరులో ఇరుక్కుపోయి, కదలడానికే ఆయాసపడుతోంది.

"ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్సు బాగుచేయాలంటే వేరేచోట 90,000 రూపాయలు అడిగారు. ఇది తీసేసి మామూలు గేర్‌బాక్సు పెట్టేయండి. పాతది 15,000కే దొరుకుతుందట కదా!" అంటున్నాడు యజమాని కొడుకు.

"మీరేమంటారు మాస్టారూ?" అన్నాడు మావాడు నావైపు తిరిగి.

90,000 ఎక్కడ, 15,000 ఎక్కడ! మీరైతే ఏమంటారు? తొందరపడకుండా ముందు లోపల ఏముందో చూద్దాం.

ఇంజను తిప్పగలిగే బలాన్ని టార్క్ అంటారు. ఒక చిన్న కారు ఇంజను 60 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుందనుకుందాం. చిన్న పళ్ళచక్రంతో పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది, టార్క్ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మొదటి గేరులోనూ, ఆ తరువాత చక్రాల ఇరుసు దగ్గరా కలిసి ఇంజను 14 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుందనుకోండి. అప్పుడు చక్రం దగ్గర టార్క్ 60 × 14 = 840. చక్రం వ్యాసార్థం 0.28 మీటర్లయితే రోడ్డు మీద నెట్టే బలం 840 ÷ 0.28 = 3000 న్యూటన్లు. మూడో గేరులో ఆ నిష్పత్తి 14కు బదులు 5.6 అనుకుంటే బలం 1200 న్యూటన్లే.

ఇప్పుడు మనుషులతో కలిపి 1000 కిలోల కారు, ఎనిమిది మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎత్తు లేచే రోడ్డు ఎక్కాలి. కారు బరువు సుమారు 10,000 న్యూటన్లు. అందులో ఎనిమిదో వంతు, అంటే 1250 న్యూటన్ల బలం దాన్ని కిందికి లాగుతుంది. మొదటి గేరులో సునాయాసంగా ఎక్కే కారు మూడో గేరులో ఎందుకు ఎక్కదో తెలిసిందిగా! (ఘర్షణను లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుంటే దాని పరిస్థితి ఇంకా కష్టం.)

గేరు మార్చాలంటే ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య సంబంధాన్ని ఒక్క క్షణం తెంచాలి. పాత రైసు మిల్లుల్లో దీనికో మంచి ఉపాయం ఉండేది. పక్కపక్కన రెండు పుల్లీలు, అందులో ఒకటి ఇరుసుకు బిగించినది, రెండోది వదులుగా తిరిగేది. బెల్టును వదులు పుల్లీ మీదికి జరిపితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మర ఆగిపోతుంది. కారులో ఈ పని చేసేది క్లచ్. గరుకైన ఒక పళ్ళేన్ని స్ప్రింగు బలంతో ఇంజను చక్రానికి అదిమి ఉంచుతారు. ఎడమకాలితో పెడలు తొక్కితే ఆ అదుము వదులుతుంది. బెంజి సర్కిల్ దగ్గర రద్దీలో చిక్కుకున్న డ్రైవరును అడగండి, ఎడమకాలు ఎన్నిసార్లు క్లచ్ తొక్కిందో చెబుతాడు!

ఆటోమేటిక్ కారులో ఆ పెడలు ఉండదు. ఒక టేబుల్ ఫ్యాను వేసి, దానికి ఎదురుగా స్విచ్చి వేయని మరో ఫ్యానును దగ్గరగా పెట్టండి. గాలి తోపుకు రెండోది కూడా మెల్లగా తిరగవచ్చు. గాలికి బదులు నూనె నింపి, రెండు ఫ్యాన్లనూ ఒకే డొల్లలో బిగిస్తే దాదాపు టార్క్ కన్వర్టర్ అయినట్టే. ఒకటి ఇంజనుతో తిరుగుతుంది, రెండోది గేర్లను తిప్పుతుంది. మధ్యలో ఉండే మూడో రెక్కలచక్రం నూనె ధారను మళ్ళించి, కదలబోయే క్షణంలో టార్క్‌ను సుమారు రెండింతలు చేస్తుంది. మచిలీపట్నం కారు మూడో గేరులో ఉండి కూడా ఆ మాత్రం కదిలిందంటే దీని చలవే. మామూలు కారయితే ఇంజను ఆగిపోయేది. ఈ పరికరానికి హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు 1905లో పేటెంటు తీసుకున్నాడు, అదీ ఓడల కోసం! పూర్తి ఆటోమేటిక్ గేర్‌బాక్సును పెద్ద ఎత్తున తయారుచేసి కార్లలో పెట్టడం 1939లో అమెరికాలో మొదలైంది.

ఇక ఆ గేర్ల అమరిక మీకు నచ్చుతుంది. నడుమ సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు, వాటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయచక్రం. ఏదో ఒకదాన్ని కదలకుండా పట్టుకుంటే ఒక గేరు, మరొకదాన్ని పట్టుకుంటే ఇంకో గేరు. ఎప్పుడు దేన్ని పట్టుకోవాలో కారులోని కంప్యూటరు నిర్ణయిస్తుంది. దాని ఆజ్ఞ ప్రకారం చిన్న విద్యుత్ వాల్వులు నూనెను అటూ ఇటూ పంపుతాయి.

అయితే ఆటోమేటిక్ అని పేరున్న కార్లన్నీ ఒకటి కావు. 2014లో మన దేశంలో వచ్చిన మారుతి సెలెరియోలో మరో రకం ఉంది. అందులో ఉన్నవి మామూలు క్లచ్, మామూలు గేర్లే. వాటిని మన కాలూ చెయ్యీ కదపడానికి బదులు ఒక యంత్రం కదుపుతుంది. అలాంటి దాన్ని మాన్యువల్ చేయడం కొంత నయం. మా మచిలీపట్నం కారు మాత్రం నూనె, గ్రహచక్రాల రకం.

దాన్ని మార్చాలంటే ఏమేం కావాలి? మావాడు నోటుపుస్తకం తీశాడు. మామూలు గేర్‌బాక్సు 15,000. క్లచ్ పళ్ళెం, దాన్ని అదిమే పళ్ళెం, బేరింగు కలిపి 6,500. తరువాత ఫ్లైవీలు. ఇది చాలామందికి తట్టదు. కుమ్మరి సారె బరువుగా ఎందుకుంటుంది? ఒకసారి తిప్పి వదిలినా ఆగకుండా తిరగడానికి. ఇంజనులో పిస్టన్లు కూడా ఆగి ఆగి తోస్తాయి కనుక దానికీ అలాంటి బరువైన చక్రం కావాలి. ఆటోమేటిక్ కారులో నూనె నిండిన టార్క్ కన్వర్టరే ఆ బరువు. అందువల్ల ఇంజను చివర పలుచని రేకు మాత్రం ఉంటుంది. కన్వర్టరు తీసేస్తే బరువైన ఫ్లైవీలు కొనక తప్పదు, అది 5,500. కొత్త పెడళ్ళు, వాటి తీగ 4,000. గేరు కడ్డీ, దాని కేబుళ్ళు 3,500. గేర్‌బాక్సు కొలతలు మారితే చక్రాలకు వెళ్ళే ఇరుసుల పొడవు కూడా మారుతుంది, 8,000. కంప్యూటరు, వైర్లు 14,000. ఎందుకంటే ఆటోమేటిక్ గేర్‌బాక్సు నుంచి "నేను న్యూట్రల్‌లో ఉన్నాను" అన్న సంకేతం రాకపోతే ఆ కారు అసలు స్టార్టే కాదు! బోల్టులు, రబ్బరు దిమ్మలు, నూనె 3,500. కూలి 18,000.

కలిపి చూడండి. 78,000. అందులో గేర్‌బాక్సు ధర అయిదో వంతు కూడా లేదు. ఇది ఆ షెడ్డులో ఆ కారుకు వేసిన అంచనా మాత్రమే, అన్ని కార్లకూ ఇదే వర్తించదు. అదే మోడలు మాన్యువల్ కారు, ముందుభాగం దెబ్బతినకుండా తుక్కుకు వచ్చింది మొత్తం దొరికితే ఖర్చు బాగా తగ్గుతుందని మావాడు చెప్పాడు. అలాంటిది అసలు తయారే కాని మోడలయితే, లేతు మీద ఒక్కొక్క భాగమూ చేయించుకోవాలి. దానికి అంతుండదు.

డబ్బుతోనే అయిపోదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని నియంత్రిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం గట్టిగా చెప్పింది. కనుక స్పానరు పట్టుకోవడానికి ముందే రవాణాశాఖ కార్యాలయంలోనూ, బీమా కంపెనీలోనూ అడిగి తెలుసుకోవాలి.

"అయినా 12,000 మిగులుతాయిగా" అన్నాడు ఆ అబ్బాయి. అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్న వాళ్ళ నాన్నగారు నోరు విప్పారు. "మిగులుతాయి సరే, క్లచ్ ఎవరు తొక్కుతార్రా?"

ఆయన ఎడమకాలికి చిన్నతనంలో పోలియో వచ్చింది. ఆటోమేటిక్ కొన్నదే అందుకు. మా లెక్కలో ఆ కాలు ఎక్కడా లేదు. నేను సిగ్గుపడ్డాను. అబ్బాయి కూడా తల వంచుకున్నాడు.

అప్పుడు మావాడు మొదట చేయవలసిన పని చేశాడు. గేర్‌బాక్సు నూనె చుక్కలు కొన్ని తెల్లకాగితం మీద వేసి నాకు చూపించాడు. ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. లోపలి పట్టుడు పళ్ళేలు కాలిపోతే నూనె నల్లబడి, మాడు కంపు కొడుతుంది. అంటే చక్రాలూ పళ్ళేలూ బాగానే ఉన్నాయి! మరి మూడో గేరులో ఎందుకు ఇరుక్కుంది? ఏదైనా విద్యుత్ వాల్వు పనిచేయకపోతే, మిగతా భాగాలు పాడవకుండా కంప్యూటరు గేర్‌బాక్సును ఒకే గేరులో ఉంచి, మెల్లగా ఇంటికి చేరనిస్తుంది. మీటరు పెట్టి వాల్వుల నిరోధం ఒక్కొక్కటే కొలిచాడు. ఒకదానిలో తీగచుట్ట తెగిపోయి ఉంది.

కొత్త వాల్వు, నూనె, కూలి కలిసి 19,500 అయింది. నాలుగో రోజు సాయంత్రం పెద్దాయనే స్టీరింగు ముందు కూర్చుని, అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని మచిలీపట్నం బయలుదేరారు.