బండి వెనుక బండి: దానిని నిలుపు గొలుసు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సెలవు దినములు వచ్చినప్పుడు అనేక కుటుంబములవారు కారు వెనుక ఒక చిన్న యింటినే తగిలించుకొని ప్రయాణము సాగింతురు. వంటకు చోటు, పడకలు, నీళ్ల తొట్టి అన్నియు నందే యుండును. దానిని ట్రావెల్ ట్రెయిలరు అందురు. మన వీథులలో అది అరుదు. అయినను దానిని కారునకు తగిలించు పద్ధతిలో, ముఖ్యముగా అందలి రెండు గొలుసులలో, మన విద్యార్థులు తరగతిలో చదువు తులాదండ సూత్రమును, ఉక్కు స్వభావమును ఒక్కచోటనే కానవచ్చును. ఆ గొలుసు అరిగిపోయినచో దాని స్థానమున ఎట్టిది తేవలెనో వివరించుటయే మా యుద్దేశము.

ఎద్దుబండి తోలినవారికి ఇందలి మొదటి పాఠము క్రొత్త కాదు. బస్తాలు ఇరుసునకు ముందు ఎక్కువైనచో కాడి ఎద్దుల మెడలను అణచును. వెనుక ఎక్కువైనచో నొగ పైకి లేచి కాడి మెడలపై నిలువదు. అందుచే కాడిపై కొంచెము బరువు మాత్రమే యుండునట్లు మూటలు సర్దుకొందురు. (నొగ యన నేమో తెలియని పిల్లలు తాతగారి నడుగవలెను.) ట్రెయిలరు మొత్తము బరువులోను నూటికి 10 మొదలు 15 వంతులు ముందు కొనపై నుండవలెనని నియమము. అంతకు మిక్కిలి తగ్గినచో వేగమున పోవునప్పుడు ట్రెయిలరు అటునిటు ఊగి కారును సైతము త్రోవ తప్పించును.

అయితే ఆ బరువు కారు వెనుక చక్రములకును వెనుకగా నున్న ఒక ఇనుప బంతిపై పడును. కారు వెనుక ఇరుసే ఆధారమని యెంచుడు. రెండు ఇరుసుల నడుమ 10 అడుగులు, వెనుక ఇరుసునుండి బంతికి 5 అడుగులు దూరమనుకొందము. బంతిపై 300 కిలోలు పడినచో, 300ను 5చే గుణించి 10చే భాగింపగా 150 వచ్చును. అనగా ముందు చక్రములపైనుండి 150 కిలోల బరువు తేలిపోవును. వెనుక చక్రములపై 450 కిలోలు అదనముగా పడును. కారును మళ్లించునవి ముందు చక్రములే. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేయునవియు నవియే. వానికి నేలపై పట్టు సడలుట ప్రాణాపాయము.

ఈ లోపమును తీర్చుటకు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అను సాధనమును వాడుదురు. భారమును పంచు కొక్కెమని మనము పిలుచుకొనవచ్చును. బంతి యొద్దనుండి రెండు ఉక్కు కడ్డీలు ట్రెయిలరు చట్రము వెంబడి వెనుకకు సాగియుండును. ఒక్కొక్క కడ్డీ చివరను గొలుసుతో పైకి లాగి, చట్రమునకు బిగించిన కొక్కెమున తగిలింతురు. కడ్డీ విల్లువలె వంగి, ఆ బిగువుచే కారు వెనుక భాగమును ఎత్తిపట్టును. కొంత బరువు కారు ముందు చక్రములకును, కొంత ట్రెయిలరు చక్రములకును చేరును.

కడ్డీ పొడవు రెండున్నర అడుగులు, బంతినుండి ట్రెయిలరు ఇరుసునకు 15 అడుగులు అయినచో, తేలిపోయిన 150 కిలోలను పూర్తిగా మరల దింపుటకు ఒక్కొక్క గొలుసు సుమారు 225 కిలోల లాగుడును భరింపవలెను. పై తరగతుల విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూతురు గాక. తెలుగులో చేసినంత మాత్రమున లెక్క తప్పదు! ఇది బండి నిలిచియున్నప్పటి మాట. రోడ్డు పల్లములో దిగి ఎక్కునప్పుడు ఆ లాగుడు మిక్కిలి పెరుగును.

గొలుసు పాడైనచో అడుగుల లెక్కన కోసి యిచ్చు దుకాణములో అటువంటిదే తేవచ్చును గదా యని తోచును. అటువంటిదని కంటికి తోచుటయే చిక్కు. అమెరికాలో గొలుసులకు 30, 43, 70, 80, 100 అను శ్రేణులు కలవు. ఆ సంఖ్యను పదిచే గుణించినచో, తెగిపోవులోగా ఆ ఉక్కు చదరపు మిల్లీమీటరునకు కనీసము ఎన్ని న్యూటనులు ఓర్వవలెనో తెలియును. 3/8 అంగుళపు గొలుసునే తీసికొందము. 30వ శ్రేణిదైనచో సుమారు 1,200 కిలోల పనిభారము, 43వదైనచో 2,450, 70వదైనచో 3,000, 80వదైనచో 3,220 కిలోలు. లావు ఒక్కటే, తేడా యంతయు ఉక్కు కూర్పులోను, దానికి పెట్టిన పదునులోను ఉన్నది. కమ్మరి కొడవలిని కాల్చి, నీట ముంచి పదును పెట్టుటవంటిదే యిదియును. 70వ శ్రేణి గొలుసునకు పసుపువన్నె పూత సామాన్యము. కాని పూతను నమ్మరాదు. లంకెలపై అచ్చొత్తిన గుర్తునే చూడవలెను. గుర్తు లేని గొలుసు పశువును కట్టుటకు పనికివచ్చునేమో కాని యిందుకు పనికిరాదు.

225 కిలోలకు 30వ శ్రేణి చాలదా యని కొందరడుగవచ్చును. నిలకడ లెక్కకు చాలును. కాని ప్రతి గుంతలోను తగులు కుదుపు, లంకెకు లంకె రాచుకొను అరుగుదల, మలుపులో పడు మెలిక ఆ లెక్కలో లేవు. కావున హిచ్ తయారుచేసినవారే ఆ నమూనాకై అమ్ము గొలుసును తెచ్చుట ఉత్తమము. సాధారణముగా యు ఆకారపు బోల్టు, నట్లు దానితోనే వచ్చును. అది దొరకనిచో అరుగని చోట లంకె కడ్డీ లావును, లంకె లోపలి పొడవు వెడల్పులను కొలిచి, లంకెలను లెక్కించి, శ్రేణి గుర్తు వ్రాసికొని పోవలెను. లావుపాటిది మేలని తెచ్చినచో అది కొక్కెమున కూర్చుండదు. లంకె పొడవు మారినచో బిగువును మారును. ఒక్క లంకె ఎగువకు తగిలించుటతోనే కడ్డీ మరింత వంగును గదా. అందుచే రెండు ప్రక్కల గొలుసులను ఒకేసారి మార్చుట మేలు. తెగిన లంకెను వెల్డింగు చేసి అతుకుట ఎంతమాత్రము కూడదు. ఆ వేడికి ఉక్కు పదును పోవును.

కారునకు ట్రెయిలరునకు నడుమ అడ్డముగా దాటవేసి కట్టు రక్షక గొలుసులు వేరు. బంతి ఊడినచో ట్రెయిలరును పట్టి యుంచుట వాని పని. ఒకదాని స్థానమున మరొకటి వాడరాదు. బిగువులోనున్న కడ్డీ గొలుసును విప్పునప్పుడు, బంతి తగిలియుండగనే ముందుకొనను జాకీతో పైకెత్తి, గొలుసు వదులైన పిమ్మటనే కొక్కెమును తెరువవలెను.