పెరటి కపోతపాలికకు పైకప్పు: సిరోంచ సీమకు తగిన సామగ్రి

ప్రాణహితానది గోదావరిలో కలియు చోటికి చేరువను, ఎడమగట్టున సిరోంచ పట్టణమున్నది. ఆవలి గట్టున కాళేశ్వరము. 1860లో నైజాము ప్రభుత్వమునుండి ఆంగ్లేయుల వశమైన యీ సీమ తొలుత ఎగువ గోదావరి జిల్లాగా నుండెను. సిరోంచయే దానికి ముఖ్యపట్టణము. పిదప ఇది చాందా జిల్లాలో చేరినది. 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును చెంది, 1982 నుండి గడ్చిరోలి జిల్లాలో భాగమైనది. ఏలికలు మారినను ఇచ్చట పెక్కిండ్లలో మాట తెలుగే. ఇంటి కప్పును గూర్చిన మాటలు మాత్రము రెండు భాషలను కలుపుకొన్నవి. ఇంటిలో "గూన" అనువాడే మరాఠీవారితో "కవేలు" అనును. రేకు కొనబోయినవాడు "పత్రా" అని యడుగును.

ఇచ్చటి పెరండ్లలో పావురములను పెంచువారు కొందరు కలరు. వారి గూండ్లకు ఏ కప్పు తగునో విచారించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇది మిక్కిలి చిన్న విషయమని పాఠకులకు తోచవచ్చును. కాని గూటికి వేయు కప్పునే మనము ఇంటికిని వేయుచున్నాము. గూటిలోని పిల్లకు తగులు వేడిమియే యింటిలోని పిల్లకును తగులుచున్నది. కావున ఈ విచారణ పక్షులతో ముగియునది కాదని మనవి.

పావురము కోరు నీడ

అమరకోశము పావురాల గూటికి కపోతపాలిక, విటంకము అను పేర్లను చెప్పినది. మన "పావురము" అను మాటయు పారావత శబ్దమునుండి వచ్చినదే. అక్బరు పాదుషా పావురముల నెగురవేయు వినోదమును "ఇష్క్‌బాజీ" యని ముద్దుగా పిలిచెడివాడు. మనుష్యునితో ఇంత పాత చెలిమి గల పక్షి యైనను, దాని స్వభావము నేటికిని కొండది. పెంపుడు పావురమునకు మూలమైన జాతి కొండచరియల అరుగులమీదను, గుహల నోళ్లలోను గూడు పెట్టును గాని చెట్టుకొమ్మలను కోరదు. పైన దట్టమైన నీడ, క్రింద పొడినేల, ప్రక్కనుండి గాలి: ఈ మూడును కొండగుహ లక్షణములు. మంచి గూటి లక్షణములును ఇవియే.

పావురము దేహోష్ణము సుమారు 41, 42 డిగ్రీలుండును. పక్షులకు స్వేదగ్రంథులు లేవు. నోరు తెరచి రొప్పియు, చర్మముగుండ నీటిని ఆవిరిగా విడిచియు అది తన యొడలిని చల్లార్చుకొనవలెను. పెద్ద పక్షి వేడికి తాళలేనిచో ఎగిరిపోయి చెట్టునీడను చేరును. పిల్లకు ఆ వీలు లేదు. ఈతకు రెండు గ్రుడ్లు. వానిని తల్లిదండ్రులు వంతులవారీగా పదునేడు, పదునెనిమిది దినములు పొదుగును. పుట్టిన పిల్ల సుమారు నెల దినములు గూటిని విడువలేదు. ఆ నెల దినములు రోహిణి కార్తెలో పడినచో, దాని బ్రతుకు కప్పుమీదనే ఆధారపడి యుండును.

వానకాలమున కష్టము వేరు. కప్పు కారి రెట్ట తడిసినచో అందు బూజును రోగక్రిములును పెరుగును. ఆ రెట్ట మరల ఎండి ధూళియైనచో పక్షులకే కాక, గూడు ఊడ్చు మనుష్యుని ఊపిరితిత్తులకును హాని. కావున సిరోంచలో ఏ కప్పైనను రెండు పరీక్షలలో నెగ్గవలెను: ఒకటి రోహిణి ఎండ, రెండవది మృగశిర పిదప వచ్చు వాన.

ఇనుప రేకు

ముడుతల ఇనుప రేకునకు 1829లో హెన్రీ పామర్ అను ఆంగ్ల ఇంజనీరు పేటెంటు పొందెను. తరువాత జింకుపూత తోడై, తుప్పునకు త్వరగా లొంగని రేకు లోకమంతట వ్యాపించినది. దాని గుణములు కాదనరానివి. చదరపు మీటరునకు సుమారు 5 కిలోల బరువే గనుక సన్నని వాసములు చాలును. కోతులు త్రొక్కినను పగులదు. వాన పరీక్షలో ఉత్తమశ్రేణి. ఎండ పరీక్షలో మాత్రము తప్పిపోవును. మే నెలలో మా సీమయందు ఛాయలోనే 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి మధ్యాహ్నమున ఎండ సోకిన రేకు 60 డిగ్రీలు దాటును; ఆ వేడిని అడ్డములేక క్రిందికి ప్రసరింపజేయును.

ఈ మాటను నేను పుస్తకమున చదువుకముందే నా పెరటిలో నేర్చితిని. కొన్నేండ్ల క్రితము నా విద్యార్థి యొకడు రెండు జతల పావురములను తెచ్చి యిచ్చెను. నేను సంతోషించి, మిగిలియున్న రేకులతో గూడు కట్టి, మనిషి నడుమెత్తున కప్పు వేయించితిని. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెతను తరగతిలో వివరించినవాడనే. ఆ కార్తెలోనే ఒకనాటి సాయంకాలము చూడగా, రెండు జతల పిల్లలు నాలుగును గూటిలో చనిపోయి యుండెను. కప్పు లోతట్టున చేయి పెట్టి యుంచలేకపోతిని.

పొరుగున నుండు వృద్ధ కుమ్మరి యొకరు వచ్చి చూచి, "సారూ, రేకుకింద పిట్టలను పెట్టుడంటే పెంకమీద రొట్టెను పెట్టినట్టే గదా! గూన కప్పరాదుండ్రి" అనిరి. "నిజమే తాతా, నాకు తోచలేదు" అంటిని. కోస్తా పాఠకుల కొరకు ఒక మాట: ఇచ్చట "పెంక" యనగా రొట్టె కాల్చు పెనము, "కప్పరాదుండ్రి" యనగా కప్పవచ్చును గదా యని హితవు చెప్పుట, నిషేధము కాదు.

మరుసటి దినమున పావురముల నిచ్చిన బాలునికి సంగతి చెప్పితిని. అతడు కొంతసేపు ఊరకుండి, "సార్, మా యిల్లు సుత రేకులదే" అనెను. ఆ మాటకు నాయొద్ద సమాధానము లేకపోయెను. ఈ వ్యాసమునకు మూలము ఆ బాలుని మాటయే.

గడ్డియు, ఆకును

చల్లదనమున గడ్డికప్పునకు సాటి లేదు. బోదగడ్డి పొరలలో నిలిచిన గాలియే వేడిని అడ్డగించును. టేకు ఆకును, వెదురును మా అడవిసీమకు సహజములు. 2006 నాటి వనహక్కుల చట్టము వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తులలో చేర్చి, గ్రామసభలకు దానిపై హక్కును కల్పించినది. కాని గడ్డికప్పు వాలు మిక్కిలి నిటారుగా నుండవలెను. అడ్డము ఒక మూరకు ఎత్తు ఒక మూర చొప్పున లేనిచో నీరు లోనికి దిగును. ఒకటి రెండు సంవత్సరములకు మార్చవలెను. ఎలుకలును, వానికై పాములును చేరును. నిప్పురవ్వ భయము సరేసరి. నిత్యము కనిపెట్టి చూచువానికి ఇది తగును గాని పనులమీద తిరుగువానికి తగదు.

సిమెంటు రేకు

ఇచ్చట ఒక గట్టి హెచ్చరిక అవసరము. ఇండ్లు విప్పినప్పుడు విరిగిన సిమెంటు రేకుముక్కలు ఊరకయే దొరకును. గూటికి చాలునని పలువురు వానిని తెచ్చుకొందురు. ఇరువదవ శతాబ్దారంభమున ఆస్ట్రియా దేశమున హాట్‌షెక్ అను నతడు సిమెంటులో ఆస్బెస్టాసు నార కలిపి చేయు విధమును కనిపెట్టెను. ఆ నార కంటికి కానరాని సూదులై ఊపిరితిత్తులలో దిగబడి, కొన్ని దశాబ్దముల పిదప పుట్టకురుపునకు, అనగా క్యాన్సరునకు, కారణమగునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ధారించినది. ఐరోపా సమాఖ్య 2005లో దీనిని నిషేధించెను. మన దేశమున ఆస్బెస్టాసు రేకులపై సంపూర్ణ నిషేధము లేదు.

కదలక, పగులక ఇంటిపైనున్న రేకుకంటె, కోయబడు రేకు ఎక్కువ ప్రమాదకరము. గూడు చిన్నది గనుక రేకును రంపముతో కోయక, తొలిచి రంధ్రములు చేయక తీరదు. ఆ ధూళి లేచునది పిల్లలాడు పెరటిలోనే. కావున పాత సిమెంటు రేకును గూటికి వాడవలదు, పొడిగా ఊడ్వవలదు, పిల్లలచేత మోయింపవలదు. ఆస్బెస్టాసు లేని నారసిమెంటు రేకులును బజారున కలవు. కొనువాడు ఆ సంగతిని అడిగి తెలిసికొనవలెను.

గూనయు, మంగుళూరు పెంకును

కుమ్మరి సారెపై గొట్టమువలె తీసి, నిలువునకు రెండుగా చీల్చి కాల్చినది గూన. ఒక వరుస వెల్లకిలగను, దానిపై మరియొక వరుస బోరగిలగను పరచుదురు. ఈ పరపులోని సందులగుండ వేడిగాలి పైకి పోవును. వానధార మాత్రము లోనికి రాదు. మట్టి యెండవేడిని మెల్లగా గ్రహించును. ఇన్ని గుణములుగల కప్పు గుహను పోలియుండుట చేత పావురమునకు స్వభావానుకూలమైనది. లోపములు రెండు: కోతులు దుమికిన పగులును, ప్రతిసంవత్సరము మృగశిరకు ముందు పెంకులు తిరుగవేయవలెను. ఆ పని తెలిసినవారును తగ్గుచున్నారు.

మంగుళూరు పెంకును మనవారు బెంగుళూరు పెంకని వాడుక చేసిరి. 1865లో బాసెల్ మిషన్‌వారు మంగుళూరులో దీని కార్ఖానాను స్థాపించిరి. అంచులు ఒకదానిలో నొకటి పొదుగుకొనుటచేత ఇది గూనకంటె కుదురుగా నిలుచును. చదరపు మీటరునకు సుమారు 15 పెంకులు పట్టును. పాతయిండ్లు విప్పినచోట నిక్షేపమైన పెంకులు తక్కువ వెలకు లభించును. గూటికి అవియే చాలును. రెంటికిని వాలు ఒక్కటే సూత్రము: అడ్డము రెండు మూరలకు ఎత్తు ఒక మూరకు తగ్గరాదు, గూనకు మరికొంత హెచ్చైనను మంచిదే.

నిర్ణయము

పై విచారణ ననుసరించి సిరోంచ పెరటిగూటికి పెంకుకప్పే ఉత్తమమని నా యభిప్రాయము. వెదురు వాసములపై ముందు సన్నకన్నుల ఇనుపవలను పరచి, దానిపై పెంకులు వేయవలెను. పెంకు జారినను పాముగాని, పిల్లిగాని లోనికి రాజాలదు. చూరు గోడకంటె ఒక మూర ముందునకు రావలెను. నైరుతి వానగాలి తగులు పడమటి, దక్షిణపు ప్రక్కలను మూసి, తూర్పు ముఖమున ద్వార ముంచవలెను. 2022 జూలై నాటి వరదను చూచినవారికి గుంజలపై గూటిని ఎత్తున నిలుపవలెనని వేరుగ చెప్ప నక్కరలేదు. పావురధూళి కొందరి ఊపిరితిత్తులకు పడదు గనుక గూడు పడకగదికి దూరముగ నుండవలెను.

రేకు తప్ప గతిలేనివారు నిరాశ చెంద నక్కరలేదు. మూడు పనులు చేసినచో రేకుకప్పును బాగుపడును. ఒకటి, పైన తెల్లని సున్నము పూయుట. తెలుపు ఎండను తిప్పికొట్టును. ఆవలి గట్టున తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానమునకు మూలము ఈ సూత్రమే. రెండు, రేకు క్రింద జానెడు ఖాళీ విడిచి వెదురుతడకను కట్టుట. మూడు, ఆ ఖాళీలోని వేడిగాలి వెలుపలికి పోవునట్లు కొప్పువద్దను, చూరువద్దను సందు లుంచుట. మరలు బిగించునప్పుడు రేకు మిట్టలపైననే బిగింపవలెను. పల్లములలో బిగించిన ప్రతి రంధ్రమును కారును.

నేను ఆ వృద్ధుని చేతనే గూన కప్పించితిని. తరువాతి రోహిణిలో పిల్లలు బ్రతికినవి. పిదప ఒక ఆదివారమున, పై తరగతి పిల్లలతో కలిసి ఆ బాలుని యింటి రేకులక్రింద తడక కట్టి, పెద్దలచేత పైన సున్నము పూయించితిమి. ఆ వారమంతయు అతడు మధ్యాహ్నమున ఇంటిలోనే కూర్చుండి చదువుకొనెనని అతని తల్లి నాతో చెప్పెను. గూటికొరకు నేర్చినది ఇంటికిని పనికివచ్చినది. ఈ సీమయందలి తెలుగువారు తమ తమ పెరండ్లలోను, ఇండ్లలోను దీనిని పరీక్షించి చూతురుగాక యని ప్రార్థించుచున్నాను.