పెనుకొండదాకా...

ధర్మవరం వెళ్లేటప్పుడు మా అంత సాహసవంతులు లేరనుకున్నాం. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ఇంచుమించు 80 కిలోమీటర్లు నేనూ, మా వదినా సైకిళ్లమీద నవ్వుతూ తొక్కేశాం. నిజానికి తోసింది ఆషాఢంలో వీచే నైరుతి గాలి! పైగా హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తున ఉంటే, ధర్మవరం 350 లోపే. మొత్తమ్మీద పల్లమే.

మర్నాడు తిరుగుదారిలో ఆ గాలీ, ఆ ఎత్తూ రెండూ ఎదురయ్యాయి. రామగిరి కొండలమీద గాలిమరలు ఊరికే పెట్టారా మరి! కళ్లనిండా దుమ్ము. తొడలు పట్టేశాయి. మధ్యాహ్నానికి ఓ వేపచెట్టు కింద కూలబడి ఏడ్చేశాను.

‘‘మీ అన్నకు ఫోన్ చేస్తే జీపు తెస్తారు. ఏడాదంతా దెప్పుతారు కూడా’’ అంది వదిన.

ఉప్పేసిన మజ్జిగ తాగి లేచాం. ఇక హిందూపురం మాటే ఎత్తలేదు. ‘ఆ కల్వర్టుదాకా’, ‘ఆ చింతచెట్టుదాకా’... అంతే. ఎత్తు వస్తే సిగ్గుపడకుండా దిగి నడిపించాం. 1963లో ఐర్లండు నుంచి ఢిల్లీకి ఒంటరిగా సైకిలుమీద వచ్చిన డెర్వ్లా మర్ఫీ అంతటావిడే తప్పనిసరైన చోట లారీ, బస్సు ఎక్కింది కదా!

పెనుకొండ చేరేసరికి చీకటి పడింది. ఖాళీ టమోటా బుట్టలతో వెళ్తున్న మినీలారీ ఎక్కాం.

‘‘తొక్కుకుంటూనే వచ్చారా?’’ అన్నాడు అన్న.

వదిన నా వంక చూసింది.

‘‘పెనుకొండదాకా’’ అన్నాను.