కొంటే ఒప్పు... కొట్టేస్తే తప్పు!

లక్షల పుస్తకాలు కొన్నారు. చాలావరకు సెకండ్‌హ్యాండ్‌వే. అట్టలు ఊడబీకి, కుట్లు కోసి, కాగితాలు విడదీసి స్కానర్లో పెట్టారు. పనయ్యాక ఆ కాగితాల్ని పారేశారు. పుస్తకం పొరపాటున కాలికి తగిలినా కళ్లకద్దుకునే మనకి ప్రాణం చివుక్కుమంటుంది. అమెరికా కోర్టు మాత్రం అందులో తప్పేమీ లేదంది!

ఆ పని చేసింది క్లాడ్‌ అనే కృత్రిమ మేధను తయారుచేసిన ఆంత్రోపిక్‌ కంపెనీ. యంత్రానికి భాష పట్టుబడాలంటే కోట్లకొద్దీ వాక్యాలు చదివించాలి. సరిచూసి దిద్దిన మంచి వాక్యాలు దొరికేది పుస్తకాల్లోనే. అయితే, కొనడానికి ముందు కంపెనీ అడ్డదారి తొక్కింది. ఇంటర్నెట్‌లోని దొంగ లైబ్రరీల నుంచి 70 లక్షలకు పైగా కాపీలు దించుకుంది. ఆండ్రియా బార్ట్జ్‌, చార్ల్స్‌ గ్రేబర్‌, కర్క్‌ వాలెస్‌ జాన్సన్‌ అనే ముగ్గురు రచయితలు 2024 ఆగస్టులో కోర్టుకెక్కారు.

2025 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో జడ్జి విలియం అల్సప్‌ తీర్పు చెప్పారు. పుస్తకాలు చదివించి యంత్రానికి నేర్పడం న్యాయమైన వాడకమే. కొన్నదాన్ని స్కాన్‌ చేసి దాచుకోవడమూ సరే. దొంగ కాపీలతో లైబ్రరీ పెట్టుకోవడం మాత్రం కుదరదు. తరవాత అదే పుస్తకాన్ని డబ్బిచ్చి కొన్నా మొదటి తప్పు చెరిగిపోదు.

అక్కడి చట్టం ప్రకారం, కావాలనే హక్కును ఉల్లంఘిస్తే ఒక్కో పుస్తకానికి లక్షన్నర డాలర్ల దాకా వడ్డించొచ్చు. లక్షల పుస్తకాలకి లెక్కేస్తే ఇంకేమైనా ఉందా! కంపెనీ 150 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. అంటే, సుమారు 13 వేల కోట్ల రూపాయలు. పుస్తకానికి దాదాపు 3 వేల డాలర్లు. దొంగ ఫైళ్లను నాశనం చేయడానికీ ఒప్పుకుంది.

మెలిక ఇక్కడే ఉంది. పరిహారం జాబితాకెక్కినవి దాదాపు 4.8 లక్షల పుస్తకాలే. ఒకే పుస్తకానికున్న రెండో, మూడో కాపీలు పోగా, అమెరికా కాపీరైట్‌ ఆఫీసులో సకాలంలో రిజిస్టరైనవాటికే చోటు దక్కింది. మనదేశంలో రాయగానే హక్కు వచ్చేస్తుంది, రిజిస్ట్రేషన్‌ తప్పనిసరి కాదు. ఆ ధీమాతో ఊరుకున్న రచయిత పుస్తకం ఆ గుట్టలో ఉన్నా ఇందులో పైసా రాదు.

ఈ తగవు మన గుమ్మంలోకీ వచ్చింది. తన వార్తల్ని అనుమతి లేకుండా వాడుకుందంటూ ఏఎన్‌ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో ఓపెన్‌ఏఐ మీద ఢిల్లీ హైకోర్టులో దావా వేసింది. మన 1957 చట్టం సొంత చదువుకీ, పరిశోధనకీ, విమర్శకీ మినహాయింపులిచ్చింది. యంత్రం చదువు సంగతి అప్పట్లో ఎవరికి తట్టింది? అది కూడా ఆ మినహాయింపుల్లోకి వస్తుందా అన్నది హైకోర్టు తేల్చడానికి పెట్టుకున్న ప్రశ్నల్లో ఒకటి.