సీసరహిత పీడన విద్యుత్ పింగాణీలు: డోపింగ్ ప్రభావం, ఎండ పరీక్ష

గ్యాస్ పొయ్యి లైటర్‌లో నిప్పురవ్వ పుట్టించేది పీడన విద్యుత్ పింగాణీ. ఒత్తిడి కలిగించినప్పుడు ఇది విద్యుదావేశాన్ని, విద్యుత్తు అందించినప్పుడు కంపనాన్ని ఇస్తుంది. 1880లో క్యూరీ సోదరులు స్ఫటికాలలో కనుగొన్న ఈ ధర్మమే నేడు లోహాలలో పగుళ్లను, ట్యాంకులలో నీటిమట్టాన్ని గుర్తించే అల్ట్రాసోనిక్ సెన్సర్లకు ఆధారం.

సీసంతో చిక్కు

1950వ దశకం నుంచి వాడుకలో ఉన్న లెడ్ జిర్కోనేట్ టైటనేట్ బరువులో సుమారు 60 శాతం సీసమే. తయారీలో కొంత సీసపు ఆక్సైడు ఆవిరవుతుంది. పారవేసిన పరికరాల నుంచి సీసం నేలలోకి, నీటిలోకి చేరే ప్రమాదముంది. 2006 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ పరికరాలలో సీసాన్ని పరిమితం చేసినా, దీటైన ప్రత్యామ్నాయం లేనందున ఈ పింగాణీలకు మినహాయింపునిచ్చింది. బేరియం టైటనేట్, పొటాషియం సోడియం నియోబేట్, బిస్మత్ సోడియం టైటనేట్ ముఖ్య ప్రత్యామ్నాయాలు.

స్వల్ప మోతాదు, పెద్ద మార్పు

జింకు లోపించిన వరి పొలానికి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఎంత మేలు చేస్తుందో రైతుకు తెలుసు. పింగాణీలోనూ ఒకటి రెండు శాతం పరాయి అయాన్లు గుణాలను మార్చగలవు. దీనినే డోపింగ్ అంటారు. టైటానియం స్థానంలో తక్కువ ఆవేశంగల ఇనుము చేరితే ఆక్సిజన్ ఖాళీలు ఏర్పడి, అంతర్గత డొమైన్ల సరిహద్దులను బిగించి ఉంచుతాయి. అప్పుడు శక్తినష్టం తగ్గుతుంది. నిరంతరం కంపించే పరికరాలకు ఇది అనుకూలం. ఎక్కువ ఆవేశంగల అయాన్లు చేరితే సరిహద్దులు సాధారణంగా సులువుగా కదులుతాయి. సున్నితమైన సెన్సర్లకు అది మేలు. అయితే సీసరహిత పింగాణీని కాల్చేటప్పుడు పొటాషియం, సోడియం, బిస్మత్ కొంత ఆవిరై అదనపు లోపాలు ఏర్పడతాయి. అందువల్ల ఈ సూత్రం వాటికి యథాతథంగా వర్తించదు.

లాభంతోపాటు నష్టం

2004లో జపాన్ పరిశోధకులు నియోబేట్‌కు లిథియం, టాంటలం, యాంటిమొనీ చేర్చి, రేణువులను ఒకే దిశలో అమర్చి, న్యూటన్‌కు 416 పికోకూలుంబుల ఆవేశం సాధించారు. డోపింగ్ లేని నియోబేట్‌లో ఇది సుమారు 80 మాత్రమే. 2009లో కాల్షియం, జిర్కోనియం చేర్చిన బేరియం టైటనేట్‌లో 620 నమోదైంది.

భాస్వరం అధికమైతే పైరుకు జింకు అందనట్లే, ఇక్కడ కూడా ఒక గుణం పెరిగితే మరొకటి తగ్గుతుంది. ఆ బేరియం పింగాణీ పీడన విద్యుత్ గుణం పూర్తిగా నశించే క్యూరీ ఉష్ణోగ్రత దాదాపు 93 డిగ్రీలే. మామూలు బేరియం టైటనేట్‌కు అది సుమారు 120 డిగ్రీలు. నియోబేట్‌లో 200 డిగ్రీల వద్ద జరిగే స్ఫటిక మార్పును ఈ డోపింగ్ గది ఉష్ణోగ్రత దాకా దించుతుంది. అందువల్ల వేడి మారితే కొలత కూడా మారుతుంది.

నస్పూర్ ఎండకు ఏది తగును?

మంచిర్యాల చెంతనున్న నస్పూర్, శ్రీరాంపూర్ బొగ్గుగనుల ప్రాంతంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుతుంది. ఎండలోని లోహపు పెట్టె లోపల అంతకంటే ఎక్కువ. ఉదయం, మధ్యాహ్నం వేర్వేరు అంకెలు చూపే సెన్సర్ రైతును తప్పుదారి పట్టిస్తుంది. నియోబేట్‌కు కాల్షియం జిర్కోనేట్ చేర్చి ఈ ఒడిదుడుకులను తగ్గించే పరిశోధనలు ఫలితమిచ్చాయి. కనుక ఉత్తర తెలంగాణ పొలాలకు పదార్థాన్ని ఎంచుకునేటప్పుడు గరిష్ఠ ఆవేశం కంటే 20 నుంచి 80 డిగ్రీల మధ్య మారని ఆవేశమే ప్రధాన ప్రమాణం కావాలి.