డాబా మీది పెరడు

తెలుగువారి యింట మొక్కను తొట్టిలో పెంచుట నిన్న మొన్న పుట్టిన వేడుక గాదు. వాకిటనో పెరటనో నడుమెత్తున కట్టిన తులసికోట యున్నదే, అది యథార్థమునకు మట్టి నింపిన తొట్టియే. కోడి కాలికిని పశువు నోటికిని అందకుండ, ఇల్లాలు స్నానానంతరము పోయు చెంబెడు నీటితోడనే బ్రతుకునట్లు, ఒక మొక్కను ఎత్తైన గద్దెపై నిలిపి పోషించు విద్య మన పెద్దలకు చిరకాలముగా తెలిసినదే. ఐతే ఆ గౌరవము తులసి యొక్కదానికే దక్కెను. బచ్చలి, బీర, గోంగూర, వంగ మొదలగు తక్కిన పరివారమంతయు దొడ్డిలో నేలపైననే పుట్టి నేలపైననే పెరుగుచుండెడిది. నేడు పట్టణములలో దొడ్డి అంతరించినది, వాకిలి సిమెంటు గచ్చైనది, ఇంటికి సొంతమని చెప్పుకొనదగిన ఎండ డాబాపై మాత్రమే మిగిలినది. కావున తులసికి మాత్రమే లభించిన కోట యిప్పుడు మిరపకును మెంతికిని గూడ కావలసివచ్చినది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారి వంటివారు స్వయముగా సాగుచేసి, గ్రంథస్థము గావించి, ప్రచారములోనికి తెచ్చిన ‘మిద్దెతోట’ అను చక్కని తెలుగు మాట యీ క్రొత్త పెరటికి పేరుగా నిలిచినది.

అయినను పెరటికిని మిద్దెతోటకును నడుమ భేదము స్థలముయొక్క ఎత్తునందు గాదు, మొక్కయొక్క స్వాతంత్ర్యమునందు కలదు. నేలలో నాటిన మొక్క పైతడి యారినచో వేరును లోతునకు పంపును. ఒకచోట సారము తరిగినచో ప్రక్కకు సాగును. ఎండ మండినపుడు అడుగు లోతున చల్లగానున్న మన్ను దాని పాదములను కాపాడును. కుండీలోని మొక్కకు ఈ సంచారము లేదు. అంగుళము మందమైనను లేని గోడ నలువైపుల దానిని బంధించియుండగా, అన్నపానీయములకును, తుదకు వేళ్లు పీల్చుకొను గాలికిని గూడ అది యజమానిపైననే ఆధారపడును. భూమాత యెవరికిని చెప్పకయే చేయుచుండిన పనులన్నియు కుండీ తెచ్చుకొన్న గృహస్థునిపై బడునని గ్రహింపని కారణముననే, మొదటి సంవత్సరము ఉత్సాహముతో ఆరంభింపబడిన తోటలనేకము రెండవ సంవత్సరమునకు ఖాళీ కుండీల వరుసలుగా మారుచున్నవి.

ఈ గ్రహింపు లేనివారిలో నేనును ఒకడనైయుంటిని. విజయవాడలో మా డాబాపై పండ్రెండు ప్లాస్టిక్ కుండీలు వరుసగా పెట్టి, పైరు పండించు నల్లరేగడిని మించిన మట్టి యుండునా యను ధీమాతో పొలమునుండి దానినే బస్తాలతో తెప్పించి నింపితిని. పొలములో ప్రత్తికి ప్రాణమైన ఆ మట్టి కుండీలో ఉరిత్రాడైనది. ఎండకు అది బిగిసి ముడుచుకొని కుండీ గోడను విడిచినది. నేను పోసిన నీరు ఆ సందుగుండ జారి అడుగు రంధ్రమునుండి ధారగా బయటికి వచ్చుచుండగా, ‘ఆహా, మొక్క కడుపునిండ త్రాగినది’ అని సంతోషించుచుంటిని. నడుమనున్న వేళ్ల ముద్ద మాత్రము ఎండియే యుండెను. వానకాలము వచ్చినంతనే కథ తలక్రిందులై, ఆ మట్టియే ఉబ్బి, జిగురై, రంధ్రములను పూడ్చి, బ్రతికియున్న నాలుగు మొక్కలలో మూడింటి వేళ్లను కుళ్లబెట్టినది. పండ్రెండు కుండీలకును ఆ యేడు మిగిలినది ఒక్క వామాకు మొక్క.

కుండీకి కావలసినది సారవంతమగు మట్టి గాదు, గుల్లయైన మిశ్రమము. ఎఱ్ఱమట్టి ఒక పాలు, బాగుగా మాగి వాసన పోయిన పశువుల యెరువో వానపాముల యెరువో ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి చల్లినచో సామాన్యముగా అన్ని కూరమొక్కలకును సరిపోవును. కోనసీమలో పీచు తీయుచోట్ల గుట్టలుగా పడియుండెడి కొబ్బరి పొట్టు తన బరువునకు అనేక రెట్లు నీటిని పట్టియుంచు గుణము కలది. కాని దానియందు ఆహారము దాదాపు శూన్యము, పైగా ఉప్పు కలిసియుండుట కలదు గనుక, ఒకటి రెండుమారులు మంచినీట నానబెట్టి పిండి వాడవలెను. పచ్చి పేడను మాత్రము కుండీలో వేయరాదు. అది లోపల మాగునపుడు పుట్టు వేడికి లేతవేళ్లు మాడిపోవును. నీరు పోవుటకై అడుగున చారెడు కంకర పోయు అలవాటు చాలమందికి కలదు గాని, దానివలన మట్టి తరుగుటయే గాని మేలు లేదు. రంధ్రముపై బోర్లించిన పెంకు ముక్క యొక్కటి చాలును.

ఇక బరువు మాట. ఉత్సాహవంతులు సాధారణముగా దీనిని తలపెట్టరు, తలపెట్టినవారు భయపడి మానుకొందురు, రెండును తగవు. తడిసిన మట్టి ఘనపుటడుగు ఒక్కింటికి ఇంచుమించు 45 నుండి 50 కిలోలు తూగును. మనుష్యులు తిరుగు చదునైన పైకప్పునకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల భారము చొప్పున లెక్కగట్టవలెనని భారత ప్రమాణములు నిర్దేశించుచున్నవి. అడుగు మందమున డాబా అంతటను మట్టి పరచినచో ఆ చదరపు మీటరుపై 500 కిలోలు పడును, అనగా అనుమతికి మూడింతలు. అందువలన మట్టిని కప్పుపై నేరుగా పరచుట కూడదు. కుండీలను ఎడముగా నుంచి, బరువైన తొట్లను క్రింద స్తంభములును దూలములును గల చోట, పిట్టగోడ వెంబడి అమర్చి, ప్రతి కుండీ క్రింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనిచ్చినచో, భారమును పంచినట్లగును, చెమ్మ దిగి కప్పు ఉరియు బాధయు తప్పును. పాత యిండ్లవారు ఇంజనీరు నడిగి గాని డ్రమ్ములు ఎక్కింపరాదు.

ఏమి పెంచవలెనని నన్నడుగువారికి నేను ముందుగా ఆకుకూరల పేర్లే చెప్పుదును. తోటకూర, మెంతికూర, పాలకూర, చుక్కకూర మొదలగు వానికి ఆరేడు అంగుళముల లోతు చాలును. పండ్లు వచ్చిన పాత పెట్టెయైనను సరియే. మెంతి మూడు వారములకే వంటింటికి వచ్చును. తోటకూర నెలనాటికి కోతకు వచ్చి, తలలు త్రుంచుచున్నకొలది ప్రక్కకొమ్మలు వేయుచు మరికొన్ని వారములు నడచును. గోంగూరకు అడుగు లోతు కావలెను గాని, ఒకసారి కుదురుకొన్నచో దానంత ఓర్పు కలది వేఱొకటి లేదు. ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజీల జోలికి పోవుట వినోదమునకు దప్ప లాభమునకు గాదని నా తలంపు. నెలల తరబడి కుండీని ఆక్రమించి తుదకు బజారులో చవుకగా దొరకు వస్తువునే యిచ్చు మొక్కకు పరిమితమైన ఎండను ధారపోయుట యేల? కోసిన గంటకే వాడిపోవునదియు, సంతనుండి వచ్చులోపల రుచి సగము కోల్పోవునదియు నైన ఆకే డాబాకు తగిన పంట.

కాయగూరలలో మిరప కుండీకి పుట్టిన మొక్క యనవచ్చును. పండ్రెండంగుళముల కుండీలో ఒక్క మొక్క చక్కగా ఇమిడి, కొమ్మలు కత్తిరించుచున్నచో ఏడాది దాటియు కాయును. వంగయు నట్టిదే, కాపు తగ్గినపుడు మొదలుకంటె జానెడెత్తున నరికి ఎరువు వేసినచో మరల చిగిర్చి రెండవ కాపు నిచ్చును. బెండకు మాత్రము తల్లివేరు నిటారుగా దిగును గనుక నారు పోసి పీకరాదు, విత్తనమును కుండీలోనే నాటవలెను. మఱియు ఒక్క బెండమొక్క ఒకనాటికి ఒక కాయకంటె నీయదు గావున, నలుగురున్న యింట కూరకు ఎనిమిది పది మొక్కలైనను వరుసగా ఉండవలెను. టమాటా సంగతి వేఱు. అది దక్షిణ అమెరికాలోని యాండీస్ పర్వతప్రాంతములలో పుట్టి, మనకు పరదేశమునుండి వచ్చినది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి రాత్రియు చల్లబడనపుడు దాని పుప్పొడి నిస్సారమగును, పూవులు పూచినవి పూచినట్లే రాలిపోవును. ఏప్రిల్ మాసమున ఆ రాలిన పూవులను జూచి మందుల దుకాణమునకు పరుగెత్తువారు అనేకులు. వర్షాకాలము నడుమ నారు పోసి, చలికాలమున కాయించుటయే దానికి మందు. కాయ అడుగున నల్లని మచ్చ పడి కుళ్లుట తెగులు గాదు. ఒకనాడు ఎండబెట్టి మఱునాడు ముంచివేయుటచే, మట్టిలో సున్నము ఉన్నను అది కాయకు చేరని దోషము.

వంటకు సువాసన నిచ్చు మొక్కలకే నేను పిట్టగోడ మూలలోని మంచి చోటు నిచ్చితిని. ధనియపుగింజ యని మనమనుకొను గుండ్రనిది రెండు విత్తనముల జంట. అప్పడాల కఱ్ఱతో మెల్లగా నొత్తి రెండుగా విడదీసి చల్లినచో కొత్తిమీర చక్కగా మొలచును. ఎండలకు అది ఆకు మాని పూతకు పరుగెత్తును గాన, వేసవిలో నీడ లేనిచోట దానిపై ఆశ పెట్టుకొనరాదు. పుదీనాకు విత్తనముతో పనిలేదు. బజారునుండి తెచ్చిన కట్టలో ఆకు దూసిన పిదప మిగిలిన ముదురు కాడలను గుచ్చినను చాలును. వెడల్పైన తొట్టిలో దానిని ఏకాంతముగా నుంచవలెను, ఏలయనగా అది పొరుగువారి నేలను ఆక్రమించుటలో సిద్ధహస్తురాలు. కరివేపాకును తొలి యేడు రెమ్మలు దూయక, తలను మాత్రము త్రుంచుచు గుబురుగా చేసికొనవలెను. దానిపై పక్షిరెట్టవలె కనబడు చిన్న గొంగళి యొకటి అప్పుడప్పుడు కూర్చుండును. అది నిమ్మజాతి ఆకులను తిని సీతాకోకచిలుకయై పోవు ప్రాణి. కరివేపయు నిమ్మ కుటుంబములోనిదే యని వృక్షశాస్త్రజ్ఞులకంటె ముందుగా కనుగొన్న పండితురాలు గనుక, ఆమెకు ఒక కొమ్మను నేను మాన్యముగా వదలివేసితిని.

నీరు ఎంత పోయవలెనను ప్రశ్నకు చెంబుల లెక్కతో సమాధానము లేదు. వ్రేలిని రెండు కణుపులు మట్టిలో దింపి, తడి తగిలినచో పోయక, తగలనిచో అడుగునుండి నీరు కారువఱకు పోయవలెను. రోహిణి కార్తెలో నల్లని ప్లాస్టిక్ కుండీని చేత ముట్టి చూచినవారికి లోపలి వేళ్ల యవస్థ వేఱుగ చెప్పనక్కరలేదు. అప్పుడు ఉదయ సాయంకాలములు రెండుపూటలను నీరు కావలెను, నడినెత్తి యెండను సగము ఆపు పచ్చని వలయు కావలెను. మట్టికుండ తన గోడలగుండ చెమ్మను వదలి చల్లగా నుండును గాని అంతే త్వరగా ఆరును. బోరునీరు వాడువారి కుండీల అంచులపై తెల్లని పొర కట్టుట కాననగును. అది పేరుకొన్న ఉప్పు. మృగశిర తొలకరులలో కుండీలను నాలుగు వానలకు బాగుగా తడియనిచ్చినచో అది కొట్టుకొనిపోవును. నీటితోపాటు సారమును కొట్టుకొనిపోవును గనుక, నెలకొకసారి రెండు గుప్పెళ్ల యెరువు మరల వేయవలెను.

పురుగుల విషయమున నాకు తెలిసిన పెద్ద మందు రోజూ ఆకు త్రిప్పి చూచుటయే. మిరపాకు పైకి దోనెవలె ముడిచినచో తామరపురుగు, క్రిందికి ముడిచినచో నల్లి. లీటరు నీటికి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె కలిపి, అది నీటిలో కలియుటకై కొంచెము కుంకుడురసము చేర్చి, సాయంకాలము చల్లుట మొదటి చికిత్స. చీమలు బారులు తీరి మొక్క నెక్కుచున్నచో పేనుబంకయో పిండినల్లియో పైన కాపురము పెట్టినదని తెలియవలెను.

నాలుగవ అంతస్తుపై బీరతీగ పందిరి నిండ పూచియు ఒక్క పిందెయైనను నిలువనపుడు, గృహస్థుడు తేనెటీగ పనికిని దిగవలసియుండును. బీరపూవు సాయంసంధ్యవేళ విచ్చును. పూవు వెనుక చిన్న పిందె గలది ఆడది, సన్నని కాడ మాత్రమే గలది మగది. మగపూవును కోసి, రేకులు వెనుకకు మడచి, దాని పుప్పొడిని ఆడపూవు నడిమి భాగమున మెల్లగా తాకించినచో మూడవనాటికి పిందె ఊరుట కనబడును. సొరపూవుకును సాయంకాలమే ముహూర్తము, కాకరకు ఉదయము. ఆఫీసునుండి వచ్చి, చేతిలో పసుపు పూవుతో పందిరి క్రింద వంగి తిరుగుచున్న నన్ను జూచి పక్కింటి పిల్లలు తొలుత నవ్విరి. ఇప్పుడు ఆ పని వారే చేయుచున్నారు.

ఇన్ని పనులు మనిషి చేతికి వచ్చినను, రానిది ఒకటి మిగిలినది. క్రిందటి జూన్‌లో సగము డ్రమ్ములో నాటుచిక్కుడు విత్తితిని. తీగ పందిరినంతయు అల్లుకొని, వినాయకచవితి వచ్చినను, దసరా వచ్చినను ఒక్క పూవైన పూయలేదు. ఎరువు వేసితిని, ఆకు దూసితిని, నీరు తగ్గించితిని, తుదకు పీకివేయదలచి కత్తితో నిలువగా, ప్రక్క డాబాపై వడియములు తిరగవేయుచున్న మామ్మగారు, “అయ్యో నాయనా, అది గొడ్డుతీగ కాదు. కాస్త చలిగాలి తగలనీ, అప్పుడూ పూయకపోతే నన్నడుగు” అనిరి. నాటుచిక్కుడు పగటి నిడివి తరిగినగాని మొగ్గ తొడుగదను సంగతి పిదప పుస్తకములలో చదివితిని. కార్తికము సగము గడచునప్పటికి ఊదాపూల గెలలు ఆకుపైకి తలలెత్తినవి. సంక్రాంతినాటి కలగూరలోనికి గింజలు దొరకినవి. రథసప్తమినాడు తెల్లవారుజామున మామ్మగారే మా మెట్లెక్కి వచ్చి, రథము కట్టుటకు కాయలను, సూర్యునికి పరమాన్నము వడ్డించుటకు ఏడు లేతాకులను, తమ చేతులతోనే కోసికొనిపోయిరి.